పండ్ల జాడీ తాళం

ఫిబ్రవరి 3

ఇది క్లినిక్‌లో చూపించే పుస్తకం కాదు. అది నీలం అట్టది, వంటింటి బల్ల మీదే ఉంటుంది, ఎవరైనా తెరిచి చూడవచ్చు. పొద్దున రెండు చెంచాల గుడ్డు, పదకొండింటికి ప్రోటీన్ పొడి కలిపిన పాలు, మధ్యాహ్నం నాలుగు చెంచాల ఉడికించిన కూర. అక్కడ తిండి సంగతి చూసే మేడమ్ ఏది అడిగినా చెంచాల లెక్కనే అడుగుతుంది కాబట్టి మా ఇంట్లో ఆవిడ పేరు చెంచాల మేడమ్. ఈ రెండో పుస్తకం కుట్టుమిషను సొరుగులో ఉంటుంది. కుట్టుమిషను జోలికి మా ఆయన రాడు.

ఇవాళ తూకం చూశారు. పొట్ట ఆపరేషను అయిన ఎనిమిది నెలల్లో నలభై ఒక్క కిలోలు పోయాయి. మా మేనకోడలి బరువు కన్నా ఎక్కువ. అంటే ఇన్నేళ్ళూ ఒక పిల్లను చంకలో మోస్తూ తిరిగానన్నమాట, దింపడం తెలియక. చెంచాల మేడమ్ చప్పట్లు కొట్టింది. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి తనకు ఇంతవరకు దొరకలేదట. వచ్చే నెల పదిహేనున, కొత్తగా ఆపరేషను చేయించుకోబోయేవాళ్ళ మీటింగులో నేను మాట్లాడాలట. సరేనన్నాను.

ఫారంలో మళ్ళీ అదే ప్రశ్న. మద్యం: అవును, కాదు. ఆపరేషనుకు ముందు దీని మీద పావుగంట పాఠం చెప్పారు. పొట్టను ఇంత చిన్నది చేశాక మందు కడుపులో ఆగదు, నేరుగా రక్తంలోకి పోతుంది, ఒక గ్లాసు మూడు గ్లాసుల పని చేస్తుంది. ఏడాది దాకా అసలు వద్దు, ఆ తర్వాతైనా ఏదో తిన్నాకే, కొంచెమే, ఒంటరిగా వద్దు, తాగి బండి నడపొద్దు. జన్మలో తాగనివాళ్ళకు కూడా కొత్తగా అలవాటయ్యే ప్రమాదం ఉంది. ఆ పావుగంటా నేను ఎదుటి గోడ మీద బల్లిని చూస్తూ కూర్చున్నాను. మా ఇంట్లో ఆ పాఠం వినాల్సినవాడు తమ్ముడు, నేను కాదు.

‘కాదు’ దగ్గర టిక్కు పెట్టి వచ్చాను.

ఫిబ్రవరి 10

సోమవారం, జాడీలు కలియబెట్టే రోజు.

బేకరీ వెనక గదిలో నాలుగు జాడీల్లో కేకు పండ్లు రమ్ములో నానుతుంటాయి. ఎండుద్రాక్ష, ఖర్జూరం, చెర్రీ, నారింజ తొక్క. ఆర్నెల్లు నానితే గాని మా యజమాని వాటిని పిండిలోకి దించనివ్వడు. వారానికోసారి కలియబెట్టాలి, తగ్గిన రమ్ము పోయాలి, చెంచాతో రుచి చూడాలి. ఆ గది తాళంచెవి నా మెడ గొలుసుకు ఉంటుంది. పదహారేళ్ళుగా కేకులు చేస్తున్నాను కాని, తాళం వేయడం మొదలై మూడేళ్ళే. ఓవెన్ దగ్గర తమ్ముడు చేరిన రోజు నుంచి.

వాడు పదకొండేళ్ళు తాగాడు. రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాడు. మరదలు వాడి మొహాన తలుపు మూసి, పిల్లను తీసుకుని ఏడాదిపాటు పుట్టింట్లో ఉండిపోయింది. మానేశాక కూడా ఎవరూ పని ఇవ్వకపోతే యజమాని దగ్గర నేను పూచీ పడ్డాను. మరదలు ఒక షరతు మీద తిరిగొచ్చింది. సాయంత్రం ఇంటికి రాగానే గుమ్మంలో నిలబడి తన మొహం మీద ఊదాలి. వాసన వస్తే మళ్ళీ పెట్టె సర్దుకుంటుంది, ఈసారి వెళ్ళడమే గాని రావడం లేదు. మొదట్లో అది పరీక్షే. మూడేళ్ళలో సరసంలోకి దిగింది. ఆరడుగుల మనిషి వంగి ఉఫ్‌మంటాడు. ఆవిడ ముక్కు ముడుచుకుని ‘ఉల్లిపాయ’ అంటుంది, ఇంకోరోజు ‘వెనిల్లా’ అంటుంది. పిల్ల మధ్యలో దూరి తనూ ఊదుతుంది.

ఇవాళ యజమానికి జలుబు, నాలుకకు రుచి తెలియడం లేదు. నన్ను చూడమన్నాడు. పండు మెత్తగా ఉంటే తినొచ్చని చెంచాల మేడమే అంది కదా. రెండు చెంచాలు తిన్నాను. ఆపరేషను తర్వాత ఇదే మొదటిసారి.

కాసేపట్లోనే ఒళ్ళంతా వెచ్చబడింది. మధ్యాహ్నం దాకా నాకు ఎవరి మీదా కోపం రాలేదు. ఇది రాసుకోవలసిన విషయమే, ఎందుకంటే నాకు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎవరో ఒకరి మీద కోపం ఉంటుంది.

ఫిబ్రవరి 11

రెండు చెంచాలు. యజమానికి జలుబు తగ్గలేదు.

ఫిబ్రవరి 13

జలుబు తగ్గింది. మూడు చెంచాలు.

ఫిబ్రవరి 18

పాత చీరలన్నీ మంచం మీద వేశాను. జాకెట్లలో ఇద్దరు పడతారు. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు, ఆయన హాస్యం కూడా లిఫ్టుల చుట్టూనే తిరుగుతుంది. ఇదివరకు నేనెక్కితే లిఫ్టు ఆయన్ని తిట్టేదట, ఇప్పుడు నన్ను గుర్తుపట్టడం లేదట. వీధిలో మందులషాపావిడ, ఎదురింటి టీచరు, అందరూ ఆపి మరీ పొగుడుతున్నారు. ఏం తింటున్నావు, ఎలా తగ్గావు. నవ్వి నవ్వి దవడలు నొప్పి. పొగిడేవాళ్ళ మధ్య ఎంతసేపు నిలబడినా ఒక్క నిజం మాట్లాడ్డానికి సందు దొరకదు.

నిజం ఏమిటంటే నాకు కంచం మీద బెంగగా ఉంది. ఇలా రాస్తే సిగ్గేస్తోంది గాని అంతే. రోజంతా నిలబడి చేసిన పని, పడ్డ మాట, మింగిన ఏడుపు, అన్నీ సాయంత్రం కంచం ముందు కూర్చుంటే తీరిపోయేవి. ఇప్పుడు నాలుగో చెంచాకే గొంతు దగ్గర గోడ లేస్తుంది. ఆకలి లేదు, కాని ఆ కూర్చోవడం కూడా లేదు. ఈయన తింటుంటే ఎదురుగా కూర్చుని ఆయన చేతిని చూస్తాను. ఆ చెయ్యి కంచంలోంచి నోటికి వెళ్ళే దారంతా చూస్తాను.

జాడీ దగ్గర ఆ కూర్చోవడం దొరుకుతోంది. ఐదు నిమిషాలే.

ఫిబ్రవరి 21

నేను నియమం తప్పడం లేదు. గ్యాసు ఉన్నవి వద్దన్నారు, ఇందులో గ్యాసు లేదు. తిండితో కలిపి ద్రవాలేవీ తీసుకోవద్దు, అరగంట ఎడం ఉండాలన్నారు, కాబట్టి తిండికి ముందే కానిస్తున్నాను. గుక్కలు మింగొద్దు, చప్పరించాలన్నారు, చప్పరిస్తున్నాను. పండు మెత్తగా నమలాలన్నారు, ఆర్నెల్లు నానిన పండును నమలక్కర్లేదు.

నీలం పుస్తకంలో ‘పండు, మూడు చెంచాలు’ అని రాశాను. అబద్ధం లేదు.

ఫిబ్రవరి 25

పండులో తీపి పడటం లేదు. పావుగంటకల్లా చెమటలు, గుండెదడ. మాలాంటివాళ్ళకు తీపి పడదని ముందే చెప్పారు. చెప్పిన మాట వినాలి కాబట్టి పండు మానేశాను.

పండ్ల మీద తేరిన నీరు మాత్రమే తీసుకుంటున్నాను. క్లినిక్‌లో ఇచ్చిన కొలత కప్పు ఒకటుంది, ముప్పై మిల్లీలీటర్లది. ఆపరేషను అయిన కొత్తలో నీళ్ళు కూడా దాంతోనే తాగించారు. ఒక్క కప్పు. మందు వేసుకున్నట్టే.

ఫిబ్రవరి 28

రెండు కప్పులు.

మార్చి 3

వెనక గదిలో పడిపోయాను. పడ్డానని కూడా తెలియలేదు, బస్తాల మీద హాయిగా ఉంది. ప్యాకింగావిడ చూసి కేక పెట్టింది. అందరూ చేరారు. షుగరు పడిపోయి ఉంటుంది, ఈ ఆపరేషను అయినవాళ్ళకు అలా అవుతుందట అని యజమానే వాళ్ళకు చెప్పాడు. నేనేమీ చెప్పనవసరం లేకపోయింది.

తమ్ముడు చక్కెర నీళ్ళ గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. నా తల ఎత్తి పట్టుకుని మొహం దగ్గరకు వంగాడు, ఆగాడు. గ్లాసు తీసుకెళ్ళి బల్ల మీద పెట్టేశాడు. అందరూ వెళ్ళాక నా పక్కనే బస్తా మీద కూర్చున్నాడు.

“అక్కా, షుగరు పడిపోయినవాళ్ళు వణుకుతారు. నవ్వరు” అన్నాడు.

నేనేం నవ్వలేదన్నాను. సరేలే అని లేచి ఓవెన్ దగ్గరకు వెళ్ళిపోయాడు.

మార్చి 4

నేను నవ్వలేదు.

మార్చి 5

కొంచెం నవ్వానేమో.

మార్చి 8

రెండో జాడీ నాలుగు వేళ్ళు తగ్గింది. యజమాని రమ్ము సీసా ఇచ్చేది నెలకోసారి, ఈ నెల ఇచ్చింది అయిపోయింది. పాలు లేని టీ కాచి, చల్లార్చి పోశాను. రంగు అచ్చంగా కలిసిపోయింది.

నీళ్ళు తగిలితే పండు పులుస్తుందని నాకన్నా తెలిసినవాళ్ళు ఆ బేకరీలో లేరు. తడి చెంచా ముంచినందుకు ఈ పదహారేళ్ళలో ఎంతమందిని ఏడిపించానో లెక్క లేదు. కాని కొత్త రమ్ము ఇరవయ్యో తారీఖుకు వస్తుంది. రాగానే గట్టిగా పోసి సరిచేస్తాను. పన్నెండు రోజుల్లో ఏం పులుస్తుంది.

రేపు ఆదివారం, బేకరీ ఉండదు. అందుకని దగ్గుమందు సీసా కడిగి అందులో కొంచెం తెచ్చుకున్నాను. ప్రోటీన్ పొడి డబ్బా అడుగున పెట్టాను. ఆ పొడి వాసనంటే ఈయనకు ఎంత రోతంటే డబ్బా మూత కూడా ముట్టడు. ఆదివారానికి మాత్రమే.

మార్చి 11

మంగళవారం కూడా.

మార్చి 12

పొద్దున్నే కాళ్ళు తేలుతున్నాయి. వెనక గదికి మూడు మెట్లు దిగాలి, దిగే ధైర్యం లేకపోయింది. పిండి బస్తా తెమ్మని తాళంచెవి తమ్ముడి చేతికిచ్చాను. మూడేళ్ళలో మొదటిసారి. వాడు దాన్ని అరచేతిలో పెట్టుకుని నా వంక చూశాడు. బస్తా భుజానేసుకొచ్చి, తాళం వేసి, లాగి చూసి, చెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. అంతా కలిపి ఒక నిమిషం పట్టిందేమో.

మార్చి 15

మీటింగు అయింది. పాతికమంది వచ్చారు, చేతులు లేని కుర్చీలు వేశారు, ఎందుకో నాకు తెలుసు. వెళ్ళే ముందు ఒక కప్పు. నలుగురిలో మాట్లాడాలంటే నాకు భయం.

బాగా మాట్లాడాను. పిల్లను మోశానన్న మాట చెబితే ముందు వరస ఆవిడ కళ్ళు తుడుచుకుంది. చివర్లో ఒక పెద్ద మనిషి, ప్రింటింగ్ ప్రెస్సు నడుపుతాడట, లేచి సిగ్గుపడుతూ అడిగాడు, అప్పుడప్పుడు స్నేహితులతో ఒక గ్లాసు తీసుకోవచ్చా అని. చెంచాల మేడమ్ నన్నే చెప్పమంది. ఆ పావుగంట పాఠం మొత్తం నా నోట్లోంచి పొల్లుపోకుండా వచ్చింది. ఏడాది దాకా వద్దు. తర్వాతైనా పరగడుపున వద్దు. ఒంటరిగా వద్దు. ఒకటి మూడింటి పెట్టు. ఎప్పుడూ తాగనివాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. దాచుకుని తాగాలనిపించిన రోజే వచ్చి చెప్పండి, ఇక్కడ ఎవరూ తిట్టరు.

బల్లిని చూస్తూ ఇదంతా ఎప్పుడు విన్నానో తెలియదు.

ఆయన నాకు దండం పెట్టాడు. ఇంటికొచ్చి డబ్బా తెరిచాను.

మార్చి 21

రమ్ము రాలేదు. బండి ఆలస్యమట. ఏదో కంపెనీ పాతికేళ్ళ వేడుకకు అరవై పండ్ల కేకులు ఆర్డరొచ్చింది. పొద్దున ఆరింటికి యజమానే వెనక గదిలోకి వచ్చాడు.

రెండో జాడీ మూత పైకి లేచి ఉంది. కింద నురగ. గదంతా పుల్లటి వాసన. ఆయన వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, చేతిలో గిన్నెతో.

“ఇందులో నీళ్ళు పోశారు. పని తెలిసినవాళ్ళెవరూ ఇందులో నీళ్ళు పోయరు” అన్నాడు.

నన్ను సాక్ష్యానికి పిలిచినట్టు నా వంక చూశాడు. ఆయన లెక్కలో నేను ఆ క్షణమే తప్పుకున్నాను. ఈ పని నేను చేయలేనంత గొప్పగా నాకు పని తెలుసు. బయట ఓవెన్ దగ్గర తమ్ముడు ట్రేలు మారుస్తున్న చప్పుడు. యజమాని మెల్లగా, కష్టపడుతూ అడిగాడు, తాళంచెవి ఎప్పుడైనా ఎవరికైనా ఇచ్చావామ్మా అని.

“పన్నెండో తారీఖున తమ్ముడికిచ్చానండీ. పిండి బస్తాకి.”

అబద్ధం చెప్పలేదు. తారీఖుతో సహా నిజమే చెప్పాను.

తమ్ముణ్ణి పిలిచాడు. వాడు చేతులు తుడుచుకుంటూ వచ్చి, జాడీని చూశాడు, నురగను చూశాడు. నేను ముట్టలేదండీ అన్నాడు, ఒక్కసారే. యజమాని జాడీ మూత నొక్కి పెట్టాడు. ఆయన చెడ్డవాడు కాదు, వాడికి పని నేర్పింది ఆయనే.

“తాగలేదని నేను చెప్తే ఎప్పుడూ ఎవరూ నమ్మలేదండీ. అక్క చెప్తే నమ్మారు” అన్నాడు.

అని నా వంక చూశాడు. తర్వాత ఏప్రను విప్పి, నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచి, లోపలున్న ట్రేకి ఇంకా నాలుగు నిమిషాలు కావాలని చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ ట్రే నేనే తీశాను. మాడలేదు.

మార్చి 22

కంచే చేను మేస్తే.

మిగతాది రాయను.

మార్చి 23

కుక్కతోక వంకర ఊరికే అన్నారా అని మా ఆయన ఉదయం నుంచి మూడుసార్లు అన్నాడు. వాడికి పూచీ పడి నా పరువు పోయిందట. పాపం నువ్వు అన్నాడు నన్ను. తల నిమిరాడు.

నాలుగు చెంచాలు తిన్నాను. డబ్బా దగ్గరకు మూడుసార్లు వెళ్ళాను.

మార్చి 25

వాళ్ళింటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను, ఆ సంగతి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను.

తమ్ముడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన పిల్ల ఒళ్ళో పుస్తకం పెట్టుకుని లెక్కలు చేస్తోంది. నన్ను చూసి తమ్ముడు కూర్చో అక్కా అన్నాడు, కాని నా కళ్ళలోకి చూడలేదు. లోపల మరదలు బట్టలు మడతపెడుతోంది. మంచం మీద పెట్టె తెరిచి ఉంది. అందులో పిల్ల గౌనులు రెండు.

ఏమిటిది అన్నాను. మరదలు నా వైపు తిరగకుండానే మాట్లాడింది. రోజూ ఊదుతున్నాడట, వాసన రావడం లేదట. కాని అలా వాసన రాకుండా తాగడం వాడికి పాత విద్యేనట, ఇదివరకు ఏలకులు నమిలేవాడట. వాసన రాలేదని నమ్మాలా, యజమాని మాట నమ్మాలా తెలియడం లేదట. నెలాఖరు దాకా చూస్తుందట. “నువ్వు పూచీ పడినా మారలేదంటే ఇంకెవరు పడితే మారతాడు వదినా?” అంది.

గొంతు దగ్గర గోడ లేచింది. ఈసారి నేనేమీ తినలేదు కూడా.

బయటికొస్తుంటే పిల్ల నా కొంగు పట్టుకుంది. “అత్తా, నాన్న రోజూ ఊదుతున్నాడు. అమ్మ ఏ వాసనో చెప్పట్లేదు” అంది.

చెప్పకుండానే వచ్చేశాను.

మార్చి 26

రేపు.

మార్చి 27

రేపు.

మార్చి 28

పొద్దున బేకరీకని బయల్దేరి వాళ్ళ వీధిలోకి తిరిగాను. ఒక కప్పు వేసుకునే వెళ్ళాను. సాక్ష్యం కావాలి కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. వేసుకోకుండా వెళ్ళే ధైర్యం లేదు, అది మిగతా సగం.

మరదలు తలుపు తీసింది. ఇంత పొద్దున్నే ఏమిటి వదినా అంది. నేను గుమ్మంలోనే నిలబడ్డాను. మాటలన్నీ దారిపొడుగునా పేర్చుకున్నాను గాని ఒక్కటీ రాలేదు. అందుకని ముందుకు వంగి, ఆవిడ మొహం మీద ఊదాను.

ఆవిడ వెనక్కి జరగలేదు. ముందు అర్థం కానట్టు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుంది.

“ఎండుద్రాక్ష” అంది.

నేను తలూపాను.

“ఎన్నాళ్ళ నుంచి వదినా?”

అప్పుడు మాటలొచ్చాయి. గుమ్మంలో నిలబడే అంతా చెప్పాను. జలుబు, చెంచాలు, కప్పు, టీ. తాళంచెవి. తారీఖుతో సహా నిజం చెప్పానని చెప్పాను. వెనక తమ్ముడు ఎప్పుడొచ్చి నిలబడ్డాడో చూడలేదు. వాడి మొహంలో కోపం ఉంటుందనుకున్నాను, ఉంటే బాగుండేది. మరదలు వాడి వైపు తిరిగి చేతులతో వాడి గుండె మీద కొట్టింది, నీకు తెలుసా, తెలిసీ నోరు మూసుకున్నావా అని, కొడుతూనే వాడి చొక్కాలో మొహం పెట్టుకుని ఏడ్చింది.

“నువ్వు చెప్తావని చూశానక్కా. వారం పట్టింది” అన్నాడు తమ్ముడు.

నువ్వే చెప్పొచ్చు కదరా అన్నాను. తను చెబితే తప్పించుకోవడానికి అక్క మీద తోశాడని అంటారన్నాడు. తర్వాత ఇంకో మాట కూడా అన్నాడు.

“నన్ను ఎంతమంది పట్టించారో నీకు తెలుసుగా. పట్టించిన ప్రతిసారీ ఇంకా ఎక్కువ తాగాను. నేనే ఒప్పుకున్నాక మానాను.”

మంచం మీద పెట్టె మూసి ఉంది. కిందకు దించడం నేను చూడలేదు గాని, మూసి ఉంది.

మార్చి 29

నిన్ననే బేకరీకి వెళ్ళి యజమానితో చెప్పాను. ఆయన చాలాసేపు నమ్మలేదు. నువ్వు నీళ్ళు పోయడమేమిటి అని అదే మాట. తాగడం కన్నా నీళ్ళు పోయడమే ఆయనకు మింగుడు పడలేదు. చివరికి నా గొలుసుకున్న తాళంచెవి తీసి ఇమ్మన్నాడు. తమ్ముడు సోమవారం నుంచి రావాలి, తనే వెళ్ళి పిలుస్తానన్నాడు. నన్ను ఒక నెల ఇంట్లో ఉండమన్నాడు. ఆ తర్వాత చూద్దామన్నాడు, చూద్దామంటే ఏమిటో అడగలేదు.

చెంచాల మేడమ్‌కి ఫోన్ చేశాను. ఆవిడ మొదటిసారి చెంచాల మాట ఎత్తకుండా మాట్లాడింది. మీరు మొదటివారు కాదండీ అంది, మీటింగులో నిలబెట్టి నేనూ తప్పు చేశానంది. రోజుకు ఎంత, ఎన్నాళ్ళుగా, మానితే చేతులు వణుకుతున్నాయా, అన్నీ అడిగింది. గురువారం వేరే డాక్టరు దగ్గరకు తీసుకెళ్తుందట. అప్పటి దాకా ఒంటరిగా ఉండొద్దంది. పోయిన బరువు మళ్ళీ రాదు కదా అని అడిగాను. సిగ్గు లేకుండా అదే అడిగాను.

మా ఆయనకు సాయంత్రం చెప్పాను. తమ్ముణ్ణి అన్న మాటలు గుర్తొచ్చాయేమో, తలెత్తలేదు. లేచి వంటిల్లు మొత్తం వెతికాడు. అలమరలు, పిండి డబ్బాలు, పొయ్యి వెనక. ప్రోటీన్ పొడి డబ్బా మూత తీసి, ముక్కు చిట్లించి, మళ్ళీ పెట్టేశాడు. నేను చూస్తూ నిలబడ్డాను.

ఇంట్లో ఏమీ లేదు కదా అన్నాడు. లేదన్నాను.

మార్చి 30

రోజూ సాయంత్రం ఐదున్నరకు వాళ్ళ గుమ్మం దగ్గరకు రావాలని మరదలు కబురు పెట్టింది. తమ్ముడితో పాటు నేనూ ఊదాలట. పెద్దవాళ్ళు ముందు, చిన్నవాళ్ళు తర్వాత. వయసుకు ఇన్నాళ్ళకు ఒక మర్యాద దొరికింది.

ఊదాను. పాలు అంది. పిల్ల పకపకా నవ్వింది. నేనూ నవ్వాను.

మార్చి 31

అందరికీ అన్నీ చెప్పాను.

ఏప్రిల్ 1

డబ్బా తప్ప.

సాయంత్రం ఊదితే గుడ్డు అంది. ఇంటికొచ్చాక ఆ డబ్బా ఉన్న వైపు చూడకూడదని గోడ వైపు తిరిగి పడుకున్నాను. గోడకు అవతల వంటిల్లే.

ఏప్రిల్ 2

ఈయన పనికి వెళ్ళిన పావుగంటకు ఒక కప్పు. పదకొండింటికి ఇంకోటి. సీసాలో ఇంకో నాలుగు కప్పులుంటాయి.

మధ్యాహ్నమంతా పళ్ళు తోముకున్నాను. మూడుసార్లు. నాలుగింటికి ఫోన్ తీశాను, ఒంట్లో బాగాలేదు, ఇవాళ రాలేనని చెబుదామని. మరదలు నమ్ముతుంది. అందరూ నన్ను నమ్ముతారు, నా జబ్బంతా అక్కడే ఉంది. తమ్ముణ్ణి ఎవరూ నమ్మరు కాబట్టి వాడు రోజూ ఊదాడు, బాగుపడ్డాడు. మొన్నటి దాకా నన్ను ఊదమని అడిగినవాళ్ళు లేరు.

ఫోన్ పెట్టేశాను. మళ్ళీ తీశాను. మళ్ళీ పెట్టేశాను.

డబ్బా చంకలో పెట్టుకుని నడిచి వెళ్ళాను. దారిలో మందులషాపావిడ ఆపి, ఇంకా తగ్గినట్టున్నారే అంది. ఆ పొడి ఏ కంపెనీదో చెప్పమని అడిగింది. పనుందని చెప్పి వచ్చేశాను.

తమ్ముడు అప్పటికే గుమ్మం ముందు నిలబడి ఉన్నాడు, చొక్కాకు పిండి, ఓవెన్ దగ్గర పట్టిన చెమట ఇంకా ఆరలేదు. పెద్దవాళ్ళు ముందు కదా, నాకు చోటిచ్చి పక్కకు జరిగాడు. నేను మరదలి మొహంలోకి చూసి ఊదాను.

ఈసారి ఆవిడ ఏ పేరూ చెప్పలేదు. నా చంకలోని డబ్బాను చూసింది. తీసుకుని, మూత తీసి, మోచేతి దాకా పొడిలోకి చెయ్యి పెట్టి దగ్గుమందు సీసా బయటికి లాగింది. చెయ్యంతా తెల్లగా అయింది. సీసాను వెలుతురుకు ఎత్తి చూసి, మెట్ల పక్కన నీళ్ళు పోయే గాడిలో ఒంపేసింది. రమ్ము వాసన ముగ్గురి మధ్య లేచింది. తమ్ముడు మొహం పక్కకు తిప్పుకున్నాడు. వాడి చెయ్యి గోడను పట్టుకుంది. మూడేళ్ళయినా అంత కష్టమని నాకు ఇప్పటి దాకా తెలియదు, ఆ తాళం నేనే వేసి, నేనే తీసినా తెలియదు.

తలుపు మూస్తుందనుకున్నాను. ఆ తలుపు ఒకప్పుడు వాడి మొహాన మూసిన చప్పుడు నేను విన్నాను.

ఆవిడ చెయ్యి చీర కుచ్చిళ్ళకు తుడుచుకుని, “నువ్వు” అంది తమ్ముడితో. వాడు వంగి ఊదాడు. “వెనిల్లా” అంది. తర్వాత ఖాళీ సీసా నా చేతిలో పెట్టింది, రేపు ఆ డాక్టరుకి చూపించమని. తనూ వస్తానంది.

రేపు ఎన్నింటికి రమ్మంటావని అడగడానికి నాకు నోరు రాలేదు. మెట్లు దిగుతుంటే వెనక నుంచి తనే పిలిచింది.

“రేపూ ఇదే టైముకి రా వదినా. వాసనున్నా రా.”